హ్యూస్టన్‌లో ఇంటిల్లిపాదీ లాటిన్ భోజనానికి వెళ్లాలంటే: సమగ్ర మార్గదర్శి

హిల్‌క్రాఫ్ట్ వీధిలో కందిపప్పు, కరివేపాకు, మిఠాయిలు కొనుక్కుని కారెక్కి వెళ్లిపోయే తెలుగు కుటుంబాలు హ్యూస్టన్‌లో ఎన్నో. మహాత్మా గాంధీ డిస్ట్రిక్ట్ అని పేరుపడిన ఆ ప్రాంతం పక్కనే గల్ఫ్‌టన్ ఉంది. ఎల్ సాల్వడోర్, హోండురాస్, గ్వాటెమాలా, మెక్సికో దేశాల నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడ దశాబ్దాలుగా స్థిరపడి, చిన్న చిన్న రెస్టారెంట్లు నడుపుకుంటున్నాయి. 2020 జనగణన ప్రకారం హ్యూస్టన్ నగర జనాభాలో సుమారు 44 శాతం లాటిన్ అమెరికా మూలాలున్నవారే. ఇంత దగ్గరగా ఇంత వంట ఉండగా, మనవాళ్లకు లాటిన్ భోజనమంటే కౌంటరు దగ్గర గిన్నెలో అన్నం, చిక్కుడు గింజలు, చీజ్ వడ్డించి ఇచ్చే చెయిన్ రెస్టారెంటు దగ్గరే ఆగిపోతోంది.

దీనికి కారణం రుచి కాదు, భయం. ఎందులో గొడ్డుమాంసం కలిసిందో తెలియదు. శాకాహారి అయిన అత్తయ్యకు సలాడ్ తప్ప ఏమీ దొరకదేమో అన్న సందేహం ఉంటుంది. స్పానిష్ రాదు కాబట్టి అడగడానికి మొహమాటం. ఈ మూడూ తీరే సమస్యలే. వెళ్లే దేశం ఏదో ముందే నిర్ణయించుకుని, వంటలో వాడే కొవ్వు గురించీ, మాంసపు రసం గురించీ సూటిగా అడిగి, వంటకాలు అందరికీ మధ్యలో పెట్టుకుని తింటే శాకాహారి అమ్మమ్మ నుంచి మేకమాంసం ఇష్టపడే బాబాయి దాకా ఒకే బల్ల దగ్గర తృప్తిగా తినగలుగుతారు. ఎలాగో వరుసగా చెబుతాను. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవారికీ పద్ధతి ఇదే, వీధుల పేర్లే వేరు.

మొదటి మెట్టు: ఎవరు ఏమి తినరో రాసుకోండి

ఎనిమిది మంది వెళ్తుంటే ఎనిమిది మందికీ ఫోను చేయండి. "మీకు ఏదైనా ఫరవాలేదు కదా" అని అడిగితే మనవాళ్లు మర్యాదకు ఫరవాలేదనే అంటారు, తీరా అక్కడికి వెళ్లాక మంచినీళ్లు తాగి కూర్చుంటారు. అందుకని విడివిడిగా అడగండి. గుడ్డు తింటారా? మాంసం వేగిన నూనెలో వేయించినవి తింటారా? మాంసం కాల్చిన పెనం మీదే చేసిన రొట్టె సమ్మతమేనా? పందిమాంసం తినని స్నేహితులున్నారా? వేరుశనగ, నువ్వులు పడనివారున్నారా? గర్భిణులున్నారా?

పెనం విషయంలో పట్టింపు ఉన్న పెద్దవాళ్లను మామూలు రెస్టారెంటుకు తీసుకువెళ్లి ఇబ్బంది పెట్టకండి. వారికోసం పూర్తి శాకాహార లాటిన్ రెస్టారెంటు వెతకడమో, అందరినీ వేరే చోటికి మార్చడమో చేయాలి. అంత పట్టింపు లేని శాకాహారులకు మాత్రం ఈ మార్గదర్శిలో చాలా ఉంది.

రెండో మెట్టు: ఒక దేశాన్ని ఎంచుకోండి

లాటిన్ వంట అని ఒకటి లేదు. మెక్సికో వంటకూ పెరూ వంటకూ ఉన్న దూరం చాలా ఎక్కువ. అన్ని దేశాల వంటకాలూ ఒకే మెనూలో ఉన్న చోటికి మొదటిసారి వెళ్లవద్దు. ఒకే దేశం పేరు బోర్డు మీద రాసుకున్న చిన్న చోటు వెతకండి. నా సలహా అయితే ఈ వరుసలో వెళ్లండి.

ముందుగా ఎల్ సాల్వడోర్. తెలుగు కుటుంబం మొదలుపెట్టడానికి ఇంతకంటే అనువైన వంట నాకు కనబడలేదు. 1980 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధం వల్ల లక్షలాది మంది ఆ దేశం విడిచి అమెరికా చేరారు. గల్ఫ్‌టన్‌లోని పుపుసేరియాలు, అంటే పుపుసా అమ్మే రెస్టారెంట్లు, ఆ వలసతో వచ్చినవే. పుపుసా అంటే మొక్కజొన్న పిండి ముద్దలో బొబ్బట్టుకు పూర్ణం పెట్టినట్టు కూరేదో పెట్టి, చేత్తో తట్టి, పెనం మీద కాల్చిన మందపాటి రొట్టె. లోపల చీజ్, చిక్కుడు గింజల ముద్ద, గుమ్మడి జాతి కాయ, లొరోకో అనే పూమొగ్గలు, పందిమాంసం ముద్ద వంటివి పెడతారు. లొరోకో, చీజ్ కలిపినది తప్పకుండా తినండి. ఆ మొగ్గల వాసన ఇంకెక్కడా దొరకదు. ఒలొకుయిల్తా ఊరి పద్ధతిలో బియ్యప్పిండితో చేసే పుపుసాలు కూడా కొన్నిచోట్ల ఉంటాయి, అన్నం మనుషులకు అవి వెంటనే నచ్చుతాయి. ఎల్ సాల్వడోర్ ప్రభుత్వం 2005లో పుపుసాను జాతీయ వంటకంగా ప్రకటించి, నవంబరు రెండో ఆదివారాన్ని దానికి కేటాయించింది. ఆ వారాంతం ఆ రెస్టారెంట్లు కళకళలాడుతుంటాయి, అప్పుడు వెళితే మరీ బాగుంటుంది.

పుపుసాను ఫోర్కుతో తినరు. చేత్తో తుంచి, పక్కన ఇచ్చే కుర్తీదో అనే పులిసిన క్యాబేజీనీ, పల్చని టమాటా సాస్‌నూ దాని మీద వేసుకుని తింటారు. చేత్తో తినడం అలవాటైన మన పెద్దవాళ్లకు ఆ బల్ల దగ్గర ఎంత హాయిగా ఉంటుందో చూసి తీరాలి. మెనూలో రెవుయెల్తా అని కనిపిస్తే అందులో పందిమాంసం ఉంటుందని గుర్తుంచుకోండి. పెద్దవాళ్లకు రెండు పుపుసాలు సరిపోతాయి. ఆర్డరు ఇచ్చాకే తట్టి కాలుస్తారు కాబట్టి కొంతసేపు ఆగాలి.

రెండోసారికి మెక్సికో. మెక్సికో సంప్రదాయ వంటను 2010లో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వంటకు పునాది మొక్కజొన్న, ఆ మొక్కజొన్నకు పునాది సున్నం. గింజలను సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, పొట్టు తీసి రుబ్బుతారు. అలా చేస్తేనే పిండి ముద్దగా అతుక్కుంటుంది. గింజలో బిగిసి ఉన్న నయాసిన్ విటమిన్ ఒంటికి అందేదీ అప్పుడే. ఈ పద్ధతి తెలియకుండా మొక్కజొన్న మీదే బతికిన దేశాల్లో నయాసిన్ లోపం వల్ల వచ్చే పెల్లాగ్రా వ్యాధి వ్యాపించింది. జొన్నలు ప్రధానాహారమైన మన దక్కన్ ప్రాంతంలోనూ ఆ వ్యాధి కనిపించింది. దాని మీద హైదరాబాద్‌లో, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా 1960లో ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధమైనది. మొక్కజొన్న పిండే ఈ వంటకు పునాది కాబట్టి, తాజాగా రుబ్బిన పిండితో అప్పటికప్పుడు ఒత్తి కాల్చిన టోర్టియా అనే పల్చని రొట్టె దొరికే చోటే మెక్సికన్ వంట రుచి చూడాలంటాను. మెనూలో 'ఎచాస్ ఆ మానో' అని ఉంటే అవి చేత్తో చేసినవి. పెనం మీద పొంగే ఆ రొట్టెకు కమ్మటి మట్టివాసన లాంటిది ఉంటుంది. పొట్లంలో వచ్చే టోర్టియాలో అది ఉండదు.

శాకాహారులకు మెక్సికన్ రెస్టారెంటులో దొరికేవి చాలామంది అనుకునేదానికంటే ఎక్కువ. నోపాలెస్ అంటే ముళ్లు తీసి వండిన నాగజెముడు ఆకు. కొంచెం జిగురు, కొంచెం పులుపు, బెండకాయ ఇష్టమైనవారికి తప్పక నచ్చుతుంది. గుమ్మడిపూలతో, పుట్టగొడుగులతో, కాల్చిన పొబ్లానో మిరపకాయ చీలికలతో చేసిన కేసడియాలు, అంటే చీజ్‌తో మడిచి కాల్చిన టోర్టియాలు, ఉంటాయి. బంగాళదుంప కూరిన టాకోలు ఉంటాయి. చీలె రెయెనో అనేది చీజ్ కూరిన పెద్ద మిరపకాయ, అయితే దాని పైపూతలో గుడ్డు ఉంటుంది. మాంసాహారులకు నా సిఫారసు బిర్రియా. ఇది హాలిస్కో రాష్ట్రపు వంట, అసలు పద్ధతిలో మేకమాంసంతో చేస్తారు. అమెరికాలో మాత్రం చాలాచోట్ల గొడ్డుమాంసంతో చేస్తున్నారు కాబట్టి అడగకుండా ఆర్డరు ఇవ్వకండి. మేకమాంసంతో చేసేచోటు దొరికితే ఆ ఎర్రని పులుసు, ఎముకతో ఉన్న ముక్కలు, వేడి టోర్టియాలు చూసి మన మటన్ ప్రియులు మళ్లీ మళ్లీ అక్కడికే వెళతారు.

టెక్స్-మెక్స్‌ను తక్కువ చేసి మాట్లాడేవారున్నారు, నేను ఒప్పుకోను. అది టెక్సాస్‌లో పుట్టిన మెక్సికన్ కుటుంబాల సొంత వంట. 1973లో నింఫా లారెంజో అనే ఆవిడ హ్యూస్టన్‌లోని నావిగేషన్ బొలెవార్డ్‌లో తన టోర్టియా కర్మాగారం ముందు భాగంలో పది బల్లలతో రెస్టారెంటు తెరిచి, కాల్చిన మాంసపు చీలికలను టోర్టియాలతో ఇచ్చే ఫహీతాలను నగరమంతా తెలిసేలా చేశారు. చిన్నపిల్లలున్న బృందానికి టెక్స్-మెక్స్ తేలిక: కూరగాయల ఫహీతా, చీజ్ సాస్, చిప్స్ అందరికీ అందుతాయి. అయితే ఉత్త 'ఫహీతా' అంటే మొదట్లో గొడ్డుమాంసపు ముక్కే కాబట్టి కోడి కావాలో, రొయ్యలు కావాలో, కూరగాయలు కావాలో స్పష్టంగా చెప్పండి.

మూడోది వెనిజులా. దీనికి కేటీ వైపు వెళ్లాలి. చమురు సంస్థల ఉద్యోగాల వల్ల, ఆ తర్వాత స్వదేశంలోని సంక్షోభం వల్ల వెనిజులా కుటుంబాలు ఎంతమంది అక్కడ చేరారంటే ఆ శివారును సరదాగా 'కేటీజువెలా' అంటారు. తెలుగు కుటుంబాలూ అక్కడ బాగా ఉన్నాయి కాబట్టి కొందరికి ఇది ఇంటి పక్క ప్రయాణమే. అరెపా అనే మొక్కజొన్న రొట్టెను చీల్చి మధ్యలో కూరతో నింపుతారు. నల్ల చిక్కుడు గింజలు, తెల్ల చీజ్ పెట్టినదాన్ని డోమినో అంటారు, శాకాహారులకు అదే మొదటి ఎంపిక. రేయినా పెపియాదాలో కోడిమాంసం, అవకాడో ఉంటాయి. తీపి మొక్కజొన్నతో చేసే కచాపా, పిండిలో చీజ్ చుట్టి వేయించిన తెకేనోస్ పిల్లలు క్షణంలో ఖాళీ చేస్తారు. పబెయోన్ అని రాసి ఉంటే అందులో గొడ్డుమాంసం ఉంటుంది.

పెరూ నాలుగోది. నిప్పుల మీద తిప్పుతూ కాల్చిన కోడి, పోయో ఆ లా బ్రాసా, పూర్తి కోడి తీసుకుంటే నలుగురికి సరిపోతుంది. పక్కన ఇచ్చే ఆకుపచ్చ మిరపకాయ సాస్ మనవాళ్లకు ప్రాణం. ఉడికించిన బంగాళదుంపల మీద పసుపు మిరపకాయ, చీజ్ సాస్ పోసి ఇచ్చే పాపా ఆ లా వాంకయీనా శాకాహారులకు బాగుంటుంది. 19వ శతాబ్దంలో పెరూకు వచ్చిన చైనా కూలీల వల్ల అక్కడి వంటలో సోయా సాస్, వేపుడు అన్నం కలిశాయి, కాబట్టి ఫ్రైడ్ రైస్ తప్ప ఏదీ ముట్టని పిల్లలకు చౌఫా అనే అన్నం చెప్పండి. లోమో సల్తాదో గొడ్డుమాంసం, అంతికూచో గొడ్డు గుండె. సెవీచే అంటే నిమ్మరసంలో ఊరిన పచ్చి చేప. దానికి 2023లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చాలా గొప్ప వంటకం, కానీ నిమ్మరసం చేపను ఉడికించినట్టు క్రిములను చంపదు. గర్భిణులకు, వృద్ధులకు పెట్టకండి.

కొలంబియా రెస్టారెంట్లలో చీజ్ అరెపాలూ, కర్రపెండలం పిండితో చేసే పాందెబోనో అనే చీజ్ బన్నులూ బాగుంటాయి. హోండురాస్ వారి బలేయాదా, అంటే మందపాటి గోధుమ రొట్టెలో చిక్కుడు గింజల ముద్ద, చీజ్, మీగడ, చపాతీ అలవాటున్న ఇంట్లో అందరికీ నచ్చుతుంది. కమ్మీలకు గుచ్చి కాల్చిన మాంసాన్ని బల్ల దగ్గరికి తెచ్చి కోసి ఇచ్చే ఖరీదైన బ్రెజిల్ రెస్టారెంట్లు మాత్రం మిశ్రమ బృందానికి పనికిరావు. శాకాహారి అక్కడ సలాడ్ కోసం పెద్ద మొత్తం చెల్లించవలసి వస్తుంది.

మూడో మెట్టు: చోటు, వేళ

ఇంటర్నెట్‌లో ఎన్ని స్టార్లు వచ్చాయో మాత్రమే చూసి నిర్ణయించకండి. అక్కడివారు పెట్టిన మెనూ ఫోటోలు చూడండి. శని, ఆదివారాల్లో మాత్రమే దొరికే వంటకాల జాబితా గోడ మీద చేత్తో రాసి ఉందంటే మంచి గుర్తు. మధ్యాహ్నం వేళ అమ్మమ్మలతో సహా స్పానిష్ మాట్లాడే కుటుంబాలు కూర్చుని ఉంటే అంతకంటే మంచి గుర్తు. కొన్ని సూపర్ మార్కెట్ల లోపల కూడా వంట కౌంటర్లుంటాయి. ఏమి వండుతున్నారో కళ్లారా చూసి ఎంచుకోవచ్చు కాబట్టి మొదటిసారి వెళ్లేవారికి ధైర్యంగా ఉంటుంది.

ఆదివారం చర్చి ప్రార్థనలు ముగిశాక, మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకు జనం కిటకిటలాడతారు. పెద్ద బృందంతో వెళ్లేవారు శనివారం పదకొండింటికి గానీ, సాయంత్రం ఐదున్నరకు గానీ చేరుకోండి. చిన్న చోట్లు వారంలో ఒకరోజు, ఎక్కువగా సోమవారమో మంగళవారమో మూసేస్తాయి. కొన్నిచోట్ల కార్డులు తీసుకోరు, కాస్త నగదు పెట్టుకోండి.

నాలుగో మెట్టు: ముందే ఫోను చేసి అడగవలసినవి

ఇది అన్నిటికంటే ముఖ్యం. మెనూలో మాంసం పేరు లేనంత మాత్రాన అది శాకాహారం కాదు. మూడు చోట్ల చూడాలి.

చిక్కుడు గింజలు మొదటిది. మెత్తగా మెదిపి వేయించిన గింజల ముద్దలో చాలామంది పందికొవ్వు వేస్తారు, దాన్ని మాంతెకా అంటారు. గోధుమ టోర్టియాలో, మొక్కజొన్న పిండిని ఆకులో చుట్టి ఆవిరిపై ఉడికించే తమాలెలో కూడా అదే ఉండవచ్చు. అన్నం రెండోది: ఎర్రగా కనిపించే మెక్సికన్ అన్నాన్ని టమాటాతోబాటు కోడి రసంలో ఉడికించడం మామూలు. పచ్చి మిరపకాయ సాస్‌లలో, ఎండుమిరపకాయలు, మసాలాలతో చేసే చిక్కటి మోలే సాస్‌లో కూడా ఆ రసం ఉండవచ్చు. మూడోది వేపుడు నూనె. చిప్స్, అరటికాయ ముక్కలు మాంసం వేగిన నూనెలోనే వేగవచ్చు. చీజ్ తయారీలో పాలు విరగడానికి వాడే, దూడ కడుపు నుంచి కూడా తీసే రెన్నెట్ అనే పదార్థం గురించి పట్టింపు ఉన్నవారు దాన్ని కూడా అడగాలి.

ఉత్త 'మాంసం వద్దు' అని చెబితే సరిపోదు. కార్నె అంటే చాలామందికి ఎర్ర మాంసమే, కోడినీ హామ్‌నూ అందులో లెక్కవేయరు. అందుకని పేరుపేరునా చెప్పండి: "నో కోమో కార్నె, నీ పోయో, నీ పెస్కాదో." మాంసం, కోడి, చేప ఏదీ తిననని అర్థం. తర్వాత "లోస్ ఫ్రిహోలెస్ తియెనెన్ మాంతెకా?" అంటే చిక్కుడు గింజల్లో కొవ్వు ఉందా అని. ఉందంటే వెంటనే వదిలేయకండి, మాంతెకా వెహెతాల్ అనే నూనెకొవ్వు కూడా ఉంది, "దె సెర్దో?" అని అడిగితే పందిదో కాదో తేలుతుంది. "ఎల్ ఆరోస్ యేవా కాల్దో దె పోయో?" అంటే అన్నంలో కోడి రసం వేస్తారా అని. బిర్రియా దగ్గర అడగవలసింది "ఎస్ దె చీవో ఓ దె రేస్?" చీవో మేక, రేస్ గొడ్డుమాంసం.

ఈ ప్రశ్నలను రద్దీ లేని వేళ, మధ్యాహ్నం మూడు నాలుగు గంటల మధ్య ఫోనులో అడగండి. స్పానిష్ తడబడినా ఫరవాలేదు, ప్రయత్నించేవారిని వాళ్లు ఆదరంగా వింటారు. పిల్లల్లో ఎవరైనా బడిలో స్పానిష్ నేర్చుకుంటుంటే ఫోను వాళ్ల చేతికివ్వండి.

గొడ్డుమాంసం తినని మాంసాహారులు మెనూలో చూసి పక్కన పెట్టవలసిన పేర్లు: ఆసాదా, సుఆదేరో, లెంగువా, కబేసా, పికాదియో, రోపా వియేహా, మొందోంగో, మెనూదో. టెక్సాస్‌లో బార్బకోవా కూడా ఎక్కువగా గొడ్డుమాంసమే. పందిమాంసం తిననివారు కార్నితాస్, అల్ పాస్తోర్, చిచరోన్, పెర్నీల్, హమోన్ చూసుకోవాలి, చోరీసోను కూడా అడగాలి. ఎంపనాదా లోపల ఏముందో పైకి తెలియదు, కొలంబియాలో తరచుగా గొడ్డుమాంసం, బంగాళదుంప కలిపి పెడతారు.

ఇంకొక్కటి. వేరుశనగ పడనివారు మోలే గురించీ, సాల్సా మాచా అనే నూనె మిరపకాయ సాస్ గురించీ అడగాలి. ఎల్ సాల్వడోర్ పద్ధతి ఒర్చాతా అనే పానీయంలో కూడా మొర్రో గింజలతోబాటు నువ్వులో, వేరుశనగలో కలిసే అవకాశం ఉంది. మెక్సికోది బియ్యం, దాల్చినచెక్కతో చేస్తారు. గర్భిణులు తాజా చీజ్ పాశ్చరైజ్ చేసిన పాలతో చేసిందేనని రూఢి చేసుకోవాలి.

ఐదో మెట్టు: విడతలుగా తెప్పించుకోండి

ఎవరి ప్లేటు వారు చెప్పుకునే పద్ధతి ఇక్కడ వద్దు. మొదటి విడతలో ఒక్కోటి చొప్పున నాలుగైదు రకాలు తెప్పించి, ముక్కలు చేసి అందరూ రుచి చూడండి. నచ్చినవాటిని రెండో విడతలో ఎక్కువగా చెప్పండి. ఇలా చేస్తే డబ్బు వృథా కాదు, కొత్తదాన్ని చూసి జంకేవారు కూడా ఒక ముక్కతో మొదలుపెడతారు.

శాకాహారం, మాంసాహారం బల్లకు రెండు వైపులా వేరుగా పెట్టించండి. శాకాహారులకు ముందుగా వడ్డించమని చెప్పండి, వాళ్ల గరిటెలు వేరుగా ఉంచండి. పుపుసాలు పైకి అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి శాకాహారం ఒక ప్లేటులో, మాంసాహారం ఇంకో ప్లేటులో తెమ్మని ఆర్డరు ఇచ్చేటప్పుడే అడగాలి. పెద్దవాళ్లు అన్నం కోసం చూస్తుంటే కోడి రసం లేని తెల్లన్నం, నీళ్లలో ఉడికించిన గింజలు ఉన్నాయేమో అడగండి. వేయించిన పండు అరటి ముక్కలు, ఉప్పువేసి వేయించిన కర్రపెండలం వాళ్లకు వెంటనే ఇంటి తిండిలా అనిపిస్తాయి.

కారం సంగతి

లాటిన్ వంట అంతా కారమనుకోవడం పొరపాటు. ఎల్ సాల్వడోర్, కొలంబియా, వెనిజులా, క్యూబా వంటల్లో కారం చాలా తక్కువ. మెక్సికోలో కూడా కారం ఎక్కువగా పక్కన ఇచ్చే సాల్సాలోనే ఉంటుంది, కూరలో వేసే ఆంచో, గ్వాహీయో వంటి ఎండుమిరపకాయలు రంగుకూ వాసనకూ. చప్పగా ఉందని అప్పుడే తేల్చేయకండి. మొదటి ముద్ద ఉన్నది ఉన్నట్టు తినండి, తర్వాత నిమ్మకాయ పిండండి, ఆ తర్వాత సాల్సా వేసుకోండి. గుంటూరు కారం తిన్నవాళ్లమన్న ధీమాతో హబనేరో అనే చాలా ఘాటైన మిరపకాయ సాల్సాను చెంచాడు పోసుకోవద్దు; చుక్క నాలుకకు తగిలించి చూడండి. మిరపకాయ పుట్టిందే ఆ నేల మీద, పోర్చుగీసు వర్తకుల ఓడల్లో మన దేశానికి వచ్చింది 16వ శతాబ్దంలో. దాన్ని వేల ఏళ్లుగా వండుతున్నవారి దగ్గర దాని పోకడలు ఎన్ని ఉన్నాయో కాస్త ఓపికగా రుచి చూడటం మంచిది.

పానీయాలు, తీపి

హమైకా అనే ఎర్రని పుల్లటి పానీయం తప్పక తాగండి. అది గోంగూర జాతి మొక్క పూల కింద ఉండే ఎర్రని రక్షక పత్రాలతో కాచినది. అమ్మమ్మకు ఆ సంగతి చెప్పి ఇచ్చి చూడండి. చింతపండు పానీయం కూడా ఉంటుంది. తీపిలో ఆరోస్ కోన్ లేచె, అంటే దాల్చినచెక్క వేసిన బియ్యపు పాయసం, చాలాచోట్ల గుడ్డు లేకుండానే చేస్తారు. ఫ్లాన్, త్రెస్ లేచెస్ కేకుల్లో గుడ్డు ఉంటుంది. రంగురంగుల జెల్లీలు జంతువుల జెలటిన్‌తో చేసినవి. భోజనం తర్వాత పలెతేరియా అనే ఐసు పుల్లల దుకాణం దొరికితే పిల్లలను అక్కడికి తీసుకువెళ్లండి: మామిడికి మిరప్పొడి చల్లిన ఐసు పుల్లలు, జామ, సపోటా రుచులు ఉంటాయి. జామ, సపోటా, బొప్పాయి, సీతాఫలం ఆ ఖండాల నుంచే మన పెరళ్లలోకి వచ్చాయని తాతయ్యలు మనవలకు చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు.

మర్యాద, బిల్లు

లోపలికి వెళ్లగానే "బ్వేనాస్ తార్దెస్" అనండి, పక్క బల్లవారు తింటుంటే దాటి వెళ్లేటప్పుడు "బ్వేన్ ప్రొవేచో" అనండి. అందరినీ మెక్సికన్లనుకోవద్దు. ఎప్పుడు వచ్చారు, కాగితాలున్నాయా వంటి ప్రశ్నలు పొరపాటున కూడా అడగకూడదు. వలస వచ్చిన మనకు ఆ ప్రశ్న ఎంత గుచ్చుకుంటుందో తెలియనిది కాదు. వంట గురించి అడగండి, ఏ ఊరి పద్ధతి అని అడగండి, సంతోషంగా చెబుతారు.

బిల్లు అడిగితేనే తెచ్చే చోట్లు చాలా ఉన్నాయి, అది నిర్లక్ష్యం కాదు. "లా క్వెంతా, పోర్ ఫవోర్" అనండి. బల్ల దగ్గరికి తెచ్చి వడ్డించినచోట 18 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వండి. పెద్ద బృందమైతే బిల్లులోనే కలిపి ఉండవచ్చు, చూసుకోండి. విడతలుగా, విడివిడి ప్లేట్లలో తెమ్మని అదనంగా పని చెప్పినప్పుడు ఇంకాస్త ఇవ్వడం న్యాయం.

మిగిలినవి, మళ్లీ వెళ్లడం

మిగిలిన పుపుసాలు, అరెపాలు మైక్రోవేవ్‌లో రబ్బరులా సాగుతాయి. మూతలేని పెనం మీద సన్నని మంటపై రెండువైపులా కాల్చండి. కుర్తీదో విడిగా కట్టించుకోండి. సెవీచే మాత్రం మిగల్చకండి, ఇంటికి తేవద్దు.

కొత్త దేశానికి మారేముందు నచ్చిన చోటికే ఇంకోసారి వెళ్లండి. రెండోసారికి మీ ముఖాలు గుర్తుంటాయి, మెనూలో లేనివి కూడా చెబుతారు. శాకాహారులున్న ఇంటివారు మెక్సికన్ రెస్టారెంటుకు ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలంలో, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య శుక్రవారాల్లో వెళ్లేలా చూసుకోవాలి. ఆ రోజుల్లో కాథలిక్కులు మాంసం ముట్టరు కాబట్టి నోపాలెస్, పప్పు పులుసు, చీజ్ కూరిన మిరపకాయలు, బెల్లం పాకంలో నానిన రొట్టెతో చేసే కపిరోతాదా మెనూలోకి వస్తాయి. చేపలు, రొయ్యలు మాత్రం వారి ఉపవాసానికి అడ్డుకావు, ఎండురొయ్యలు కలిపినవీ ఉంటాయి. కాబట్టి ఆ శుక్రవారం కూడా "సిన్ కమరోన్, సిన్ పెస్కాదో" అని చెప్పి మరీ ఆర్డరు ఇవ్వండి.